ట్రంకుపెట్టె నిండా నాన్న తీసిన నెగెటివ్‌లు: ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారు నేవీలో ఫొటోగ్రాఫర్‌గా 26 ఏళ్ళు పనిచేసి చీఫ్ పెటీ ఆఫీసర్‌గా రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకు 75 ఏళ్ళు. అమ్మ పోయి రెండేళ్ళయింది. గాజువాక ఇల్లు ఖాళీ చేసి ఆయన్ని నాతో హైదరాబాద్ తీసుకెళ్దామని వచ్చాను. అటక మీద నల్ల ట్రంకుపెట్టె ఒకటి దొరికింది. దాన్నిండా నెగెటివ్ కవర్లే. కొన్ని కవర్లు పుల్లటి వాసన వస్తున్నాయి. ఏం చేయమంటారని అడిగితే "ఎవరిక్కావాలి, పారెయ్" అన్నారు. నచ్చినవి ఫోన్‌లో తీసుకుని మిగతావి పాతసామాన్లవాడికి ఇచ్చేయమని తమ్ముడు అంటున్నాడు. నిజం చెప్పాలంటే ఆ పెట్టె చూస్తే నాకు కోపం వస్తోంది. నేను పుట్టినప్పుడు ఆయన ఓడ మీద ఉన్నారు. తమ్ముడు పుట్టినప్పుడూ అంతే. ఎవరెవరివో వేల ఫొటోలు తీశారు గానీ, మా ఇంటి ఆల్బంలో ఆయన ఉన్నవి నాలుగైదుకు మించవు. నా పెళ్ళిలో కూడా కన్యాదానం టైముకి తప్ప కెమెరా కింద పెట్టలేదు. పెట్టెలో దొరికిన ఒక రీలును కిటికీ దగ్గర పట్టుకుని ఫోన్‌తో తీసి పంపుతున్నాను. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు ఆ పుల్లటి వాసన సంగతి చూడండి. మిగతా విషయాలు నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు.

ఆ రోజుల్లో ఫిల్ము ఎక్కువగా అసిటేట్ అనే పదార్థంతో తయారయ్యేది. వేడీ తేమా తగిలితే అది కుళ్ళడం మొదలవుతుంది. అప్పుడు వచ్చేది వెనిగర్ వాసనే, అందులో తేడా లేదు. ఆ ఆవిరి పక్కనున్న మంచి ఫిల్ముని కూడా పాడు చేస్తుంది. సముద్రం గాలి తగిలే గాజువాకలో, ఎండకు కాగిన స్లాబు కింద అటక మీద, మూతబిగించిన ఇనప పెట్టెలో అన్నేళ్ళున్నాయి కదా, కొన్ని కుళ్ళడంలో ఆశ్చర్యం లేదు. ఈ రోజే వాసన వచ్చే కవర్లన్నీ ఏరి వేరే అట్టపెట్టెలో, వేరే గదిలో పెట్టండి. పోయినదాన్ని వెనక్కి తేలేం. వాటినే అన్నిటికంటే ముందు స్కాన్ చేయించాలి. అంటుకుపోయిన వాటిని లాగకండి. నీళ్ళతో కడగకండి, తడిగుడ్డతో తుడవకండి. బూజు కనిపిస్తే మెత్తటి పొడి కుంచెతో, చేతికి నూలు గ్లౌజు వేసుకుని అంచులు పట్టుకునే దులపండి. కలరా ఉండలు మాత్రం పెట్టెలో వెయ్యకండి. చీరల బీరువాలో వేసిన అలవాటుతో చాలామంది ఈ పని చేస్తారు.

ఇక మీరు పంపిన రీలు.

దాన్ని నేను చాలాసేపు చూశాను. మాది విజయనగరంలో ఫొటో స్టూడియో నడిపిన ఇల్లు. నెగెటివ్ చూసి బొమ్మ పోల్చుకోవడం చిన్నప్పుడే నేర్చుకున్నాను. మీ రీలు 120 సైజుది, పన్నెండు బొమ్మలు పడేది. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్ళల్లో ఉండే అగ్ఫా క్లిక్ త్రీ లాంటి కెమెరాల్లో వేసేవాళ్ళు. కత్తిరించకుండా చుట్టే ఉంచారు కాబట్టి ఏ బొమ్మ తర్వాత ఏది తీశారో వరస తెలుస్తోంది. మొదటి మూడు బొమ్మల్లో చీర ఉయ్యాల, అందులో నెలల పిల్ల. ఆ తర్వాత నాలుగింటిలో సముద్రం, డెక్కు మీద బనియన్లతో కూర్చుని నవ్వుతున్న కుర్రాళ్ళు. మిగిలిన ఐదింటిలో ఒక పాప గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఆ గుమ్మం మీ ఇంటిదేనా? ఆ పాప మీరేనా?

మీరే అయితే ఒక్కసారి లెక్క వేయండి. ఉయ్యాల్లో ఉన్న పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడటానికి ఎంత లేదన్నా ఏడెనిమిది నెలలు పడుతుంది. ఆ ఏడెనిమిది నెలల్లో ఆ రీలులో నాలుగే బొమ్మలు ఖర్చయ్యాయి. డ్యూటీలో రోజుకెన్ని రీళ్ళు వాడే మనిషో చూడండి. ఓడ జలప్రవేశం, పరేడు, మంత్రుల రాక, ఐడీ కార్డుల ఫొటోలు, విమానం డెక్కు మీద దిగే క్షణం, విరిగిన యంత్రభాగం, అన్నీ తీయాలి. ఆ ఫిల్మంతా సర్కారుది. మీ మీద వాడింది ఆయన జీతం డబ్బుతో కొన్నది. ఓడ మీద నాలుగు తీసి, ఐదు మిగుల్చుకుని ఇంటికొచ్చారు. నా కళ్ళకు కనిపించింది ఇంతే.

ఇంకొకటి కూడా కనిపించింది. ఫిల్ము మీద బొమ్మ నిలవడానికి వాడే మందుని హైపో అంటారు. అది పూర్తిగా పోయేదాకా ఫిల్ముని మంచినీళ్ళలో కడగాలి. ఓపిక లేకుండా కడిగితే ఏళ్ళు గడిచేకొద్దీ పసుపు మరకలు తేలతాయి. మా స్టూడియో నెగెటివ్‌లలో సగానికి ఆ జబ్బు ఉండేది. మీ రీలులో ఒక్క మరక లేదు, ఇన్నేళ్ళ తర్వాత కూడా. ఓడ మీద మంచినీళ్ళు కొలిచి వాడుకుంటారు. బొమ్మ తేల్చే మందు, అంటే డెవలపర్, ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి, బంగాళాఖాతం వేసవిలో దాన్ని అక్కడ నిలపడమే ఒక యుద్ధం. ఓడ ఊగుతుంటే ట్రేలో మందు ఇటునుంచి అటు పోతూ ఉంటుంది. ఆయన ఈ రీలు ఎక్కడ కడిగారో నాకు తెలియదు. ఓడ మీదే కడిగి ఉంటే మాత్రం మీ ఉయ్యాల బొమ్మల కోసం తన వాటా నీళ్ళు కొంత పోసి ఉంటారు. అడిగి చూడండి.

దీంతో మీ కోపం తప్పని నేననడం లేదు. అమ్మ రెండు కాన్పులు ఆయన లేకుండానే పోసుకుంది. జ్వరమొస్తే ఆస్పత్రికి, గ్యాస్ అయిపోతే క్యూకి, స్కూల్లో సంతకానికి ఆవిడే వెళ్ళింది. ఓడ ఎక్కడుందో కూడా తెలియకుండా, ఫ్లీట్ మెయిల్ ఆఫీసు అడ్రసుకి ఇన్‌లాండ్ లెటరు రాసి, జవాబు కోసం వారాల తరబడి చూసింది. ఏడాదికి రెండు నెలల సెలవుతో ఒక మనిషి ఇంటికి భర్తా తండ్రీ అయిపోలేడు. ఆ లోటు నిజం. ట్రంకుపెట్టె దాన్ని తీర్చదు. తీర్చాలని ఆశపడి పెట్టె తెరిస్తే మీకు నిరాశే మిగులుతుంది, ఆయనకు కూడా బాధగా ఉంటుంది.

కానీ ఆల్బంలో ఆయన లేరన్న మాట దగ్గర నేను కాస్త ఆగుతాను. ఈ పనిలో ఉన్నవాళ్ళందరి గతీ అదే. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ, మన జనరల్ అరోరా బల్ల ముందు కూర్చుని లొంగుబాటు పత్రం మీద సంతకాలు చేస్తున్న ఫొటో మనమందరం చూశాం. వెనక నిలబడ్డవాళ్ళలో తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఉన్నారు. ఆయన మీ విశాఖపట్నం నుంచే ఆ యుద్ధం నడిపించారు. ఆ బల్ల చుట్టూ ఎవరెవరున్నారో చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. బల్లకి ఇవతల కెమెరాలు పట్టుకుని తోసుకుంటున్న వాళ్ళెవరో చెప్పేవాళ్ళు దొరకరు. మీ నాన్నగారు 26 ఏళ్ళు ఆ ఇవతల వైపే నిలబడ్డారు. కన్యాదానం టైముకి కెమెరా కింద పెట్టారన్నారు కదా. ఇరవై ఏళ్ళ పైన అలవాటైన చెయ్యి దాన్ని దింపడం చిన్న సంగతి కాదని నాకనిపిస్తుంది, మీకనిపించకపోయినా ఫర్వాలేదు.

"పారెయ్" అన్న మాటని ఉన్నదున్నట్టు తీసుకోకండి. దానికి రెండు కారణాలుండొచ్చు.

ఒకటి, నిజంగానే ఎవరికీ అక్కర్లేదని ఆయన అనుకుంటూ ఉండొచ్చు. ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరైనా ఆ పెట్టె గురించి అడిగారా? ఇది నిష్ఠూరం కాదు. మా నాన్నని మేమూ అడగలేదు. ఆయన పోయిన ఏడాదికి మా చిన్నాన్న స్టూడియో ఖాళీ చేస్తూ నెగెటివ్‌లన్నీ కిలోల లెక్కన అమ్మేశాడు. ఎక్స్‌రే ఫిల్ములు కొనేవాళ్ళే వాటినీ కొంటారు, అందులో వెండి ఉంటుంది కాబట్టి. మందులో ముంచి వెండి గీకేసుకుంటే బొమ్మ పోతుంది. ఇప్పుడు మా దగ్గర నలభై ప్రింట్లు మిగిలాయి. సగం మొహాలు ఎవరివో చెప్పేవాళ్ళు లేరు. మీ తమ్ముడికి ఈ మాట చెప్పండి. పాతసామాన్లవాడు కొనేది ఫిల్ము మీది బొమ్మనే, కాగితం లెక్కన కాదు.

రెండో కారణం బరువైనది. నేవీ ఫొటోగ్రాఫర్‌ని పిలిచేది సంబరాలకే కాదు. ప్రమాదం జరిగినా, మంట లేచినా, విమానం కూలినా, విచారణ కోసం మొదట లోపలికి వెళ్ళి అన్నీ దగ్గర నుంచి తీయాల్సింది ఆయనే. మనుషులు పోయినప్పుడు కూడా. మిగతావాళ్ళు మొహం తిప్పుకోవచ్చు, ఆయన ఫోకస్ చేసి మరీ చూడాలి. తర్వాత చీకటిగదిలో ఒంటరిగా కూర్చుని ఆ మొహాలు కాగితం మీద మెల్లగా తేలుతుంటే మళ్ళీ చూడాలి. ఇంటికొచ్చి వీటి గురించి భార్యాబిడ్డలతో మాట్లాడే అలవాటు ఆ తరం మగవాళ్ళకు లేదు. అలాంటి ప్రింటు ఒకటి పెట్టెలోకి వచ్చి ఉంటే, ఆయన పారేయమన్నది బహుశా ఆ ఒక్క కవరునేమో. అందుకే పెట్టె తెరిచే ముందు ఆయనతో ఒక మాట అనండి: "నాన్నా, ముందు నువ్వొక్కడివే చూడు, నాకు చూపించకూడదనుకున్నవి తీసెయ్, ఏంటని అడగను." ఆ మాట నిలబెట్టుకోండి. ఆయన ఒక కవరు జేబులో పెట్టుకుంటే చూడనట్టే ఉండండి. ఆయన నిద్ర పట్టక తిరుగుతున్నా, చూసిన రోజంతా ముభావంగా ఉన్నా రెండు వారాలు ఆపండి. అప్పటికీ తేరుకోకపోతే డాక్టరుకి చూపించండి. ఫొటోలు ఎక్కడికీ పోవు.

ఇంకో పని కూడా ఆయన చేతుల మీదుగానే జరగాలి. డ్యూటీలో సర్కారు కోసం తీసిన ఫొటో మీద హక్కు సర్కారుదే. 1957 కాపీరైట్ చట్టం అలాగే చెబుతుంది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కూడా ఇప్పటికీ అమల్లో ఉంది. కాబట్టి ఓడ లోపలి భాగాలు, రాడార్లు, డాక్‌యార్డు, జెట్టీలు, ఆకాశం నుంచి తీసిన తీరం, ఇలాంటివి ఎంత పాతవైనా ఫేస్‌బుక్‌లో, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. సొంతవి ఒక కట్ట, డ్యూటీవనిపించేవి ఇంకో కట్ట ఆయన చేతనే చేయించండి. రెండో కట్ట ఉంటే, దాన్ని దాచుకోవడం కంటే, చించెయ్యడం కంటే, నేవీకి ఉత్తరం రాసి అప్పజెప్పడం మంచిది. నౌకాదళ చరిత్ర మీద పనిచేసే మారిటైమ్ హిస్టరీ సొసైటీ ముంబైలో ఉంది, 1978 నుంచి నడుస్తోంది. ఎవరిని అడగాలో వాళ్ళు దారి చెప్పగలరు. ఉత్తరం ఆయన పేరుతో, ఆయన సర్వీసు నంబరుతో వెళ్ళనివ్వండి.

సొంత కట్టలో ఏవి ముందు కాపాడాలంటే నా సలహా ఒకటే: మనుషులవి. రెండో ప్రపంచ యుద్ధంలో ఎడ్వర్డ్ స్టైకెన్ అనే పేరున్న ఫొటోగ్రాఫర్ 62 ఏళ్ళ వయసులో అమెరికా నేవీలో చేరి ఒక ఫొటో దళాన్ని నడిపాడు. ఓడలకంటే ఓడల్లో ఉన్న మనుషుల మీద దృష్టి పెట్టండని తన కుర్రాళ్ళకు చెప్పేవాడట. మీ విషయంలో కూడా అదే సరైన లెక్క. మన నేవీ పాత విమానవాహక నౌక విక్రాంత్ ఫొటోలు ఎన్నో చోట్ల ఉన్నాయి. ఓడ మాత్రం 1997లో సర్వీసు నుంచి తప్పుకుంది, ఆ తర్వాత ముక్కలైపోయింది. మీ రీలులో బనియన్లతో నవ్వుతున్న ఆ కుర్రాళ్ళు ఇంకెక్కడా ఉండకపోవచ్చు. వాళ్ళది శ్రీకాకుళమో, కేరళో, పంజాబో. వాళ్ళ మనవలు ఎక్కడో ఉండి ఉంటారు. ఆ పేర్లు ఒక్క మనిషికే తెలుసు, ఆయనకు 75 ఏళ్ళు. స్కానర్ వచ్చే నెల కొన్నా ఫర్వాలేదు, పేర్లు మాత్రం ఈ నెల్లోనే రాసుకోండి.

ఎలా అడగాలో మీకు భయంగా ఉండొచ్చు. "అప్పుడు నీకేమనిపించింది నాన్నా" అని మొదలుపెట్టకండి, ఆయన లేచి పేపరు అందుకుంటారు. పని గురించి అడగండి. ఒక నెగెటివ్ ఆయన చేతికిచ్చి "ఇది తీసినప్పుడు నువ్వెక్కడ నిలబడ్డావు?" అని అడగండి. మా స్టూడియోకి వచ్చే పాత ఫొటోగ్రాఫర్లందరినీ మాట్లాడించిన ప్రశ్న ఇదే. నిచ్చెన మీదో, తుపాకీ గొట్టం పక్కనో, హెలికాప్టర్ తలుపు దగ్గర నడుముకి బెల్టు కట్టుకునో, ఎక్కడో ఒకచోట నిలబడే ఉంటారు. చోటు గుర్తొస్తే గాలి గుర్తొస్తుంది, పక్కన ఎవరున్నారో గుర్తొస్తుంది. ఆల్బంలో ఎక్కడా లేని మనిషిని మీరు వెతుక్కోవడానికి కూడా అదే దారి.

ఇంకొక సంగతి. డార్క్‌రూమ్‌లో ఏళ్ళు గడిపిన వాళ్ళకి ప్రింటు అక్కర్లేదు. నెగెటివ్‌ని వెలుతురుకెత్తి పట్టుకుని మొహాలు పోల్చేస్తారు, నల్లటి పళ్ళూ తెల్లటి జుట్టూ ఉన్నా సరే. అది మీకు నేర్పమనండి. శుక్లాలవల్ల చూపు మందగించి ఉంటే టాబ్లెట్ తెర మీద తెల్ల బొమ్మ పెట్టి, తెరకి తగలకుండా కాస్త ఎత్తులో నెగెటివ్ పట్టుకుని, పైనుంచి ఫోన్‌తో తీయండి. ఫోన్‌లోనే రంగులు తిరగేసే సదుపాయం ఉంటుంది, దాన్ని టీవీలో పెద్దగా చూపించండి. గుర్తుపట్టడానికి అది చాలు, దాచుకోవడానికి చాలదు. దాచుకోవడానికి మంచి స్కానింగ్ కావాలి. ఫిల్ము కోసం వెనకనుంచి లైటు వేసే స్కానర్ ఉన్న స్టూడియోకి తీసుకెళ్ళి, మీ ఎదుటే పెట్టించి, మీ ఎదుటే వెనక్కి తెచ్చుకోండి. కలర్ ఫిల్ములుంటే బ్లాక్ అండ్ వైట్ కంటే ముందు వాటిని చేయించండి. ఆ రోజుల కలర్ రంగు మారిపోతుంది, వెండితో చేసిన బ్లాక్ అండ్ వైట్ అంతకంటే గట్టిది. ఒక కాపీ మీ ఇంట్లో, ఒకటి మీ తమ్ముడింట్లో ఉంచండి. స్కాన్ అయ్యాక కూడా నెగెటివ్ పారేయొద్దు, హార్డ్ డిస్కు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు.

పాత ప్రింట్ల వెనక చూశారా? సముద్రం మీదున్న వాళ్ళు ఇంటికి ప్రింట్లు పోస్టులో పంపేవాళ్ళు. అందిన రోజు అమ్మ తేదీ రాసి ఉండొచ్చు. అలా రాసి ఉంటే ముందూ వెనకా రెండూ స్కాన్ చేయించండి. మీరు కొత్తగా రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర రాయండి. పెన్ను వద్దు, జిగురు పూసిన పేజీల ఆల్బంలో అంటించడం అస్సలు వద్దు. హైదరాబాద్‌లో నెగెటివ్‌లని కాగితం కవర్లలో వేసి, పడకగదిలోని బీరువాలో మధ్య అరలో పెట్టండి. అటకా వద్దు, నేలా వద్దు. పక్కన సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలంలో మారుస్తూ ఉండండి. చుట్టి ఉన్న ఆ రీలుని ఒకసారి విప్పారు కదా, ఇంక బలవంతంగా చదును చెయ్యకండి. అన్నేళ్ళ ఫిల్ము పెళుసుగా ఉంటుంది.

ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో ఇదంతా కుదరదనిపిస్తే ఒక్క పని చేయండి. హైదరాబాద్ బండి ఎక్కే ముందు ఒక సాయంత్రం ఆయన్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళండి. కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియంలో వచ్చినవాళ్ళకి అన్నీ చూపించేది నేవీలో చేసి రిటైరైన వాళ్ళే. లోపల నిలబడి వాళ్ళతో ఆయన రెండు మాటలు మాట్లాడితే, మీరెప్పుడూ వినని గొంతు ఒకటి వింటారు. మీరు మధ్యలోకి వెళ్ళకండి. వెనక నిలబడి ఫోన్‌లో రికార్డు చేయండి, చెప్పి మరీ చేయండి. అక్కడ ఆయన ఫొటో ఒకటి తీయండి. ఫ్రేము బాగాలేదని ఆయన ఖచ్చితంగా అంటారు, ఎలా తీయాలో చెప్పమనండి, చెప్పినట్టు మళ్ళీ తీయండి.

ఈ వారం వాసన కవర్లు వేరు చేయడం, ఆ రీలుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టడం, ఈ రెండూ అయితే చాలు. ఉయ్యాల బొమ్మ దగ్గర ఎక్కడ నిలబడ్డారో అడిగి, ఏం చెప్పారో నాకు రాయండి. బనియన్ల కుర్రాళ్ళ పేర్లు కూడా.